బొమ్మల చదువు

టీవీలో బొమ్మలు నడుస్తాయి. నవ్వుతాయి. ఏడుస్తాయి. పిల్లలు అన్నం మాని చూస్తారు. ఛోటా భీమ్ అలాంటి బొమ్మే. అది పుట్టింది మన హైదరాబాదులోనే. గ్రీన్ గోల్డ్ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది. 2008లో టీవీలో మొదలైంది.

బొమ్మను కదిలించే ఈ పనిని యానిమేషన్ అంటారు. కొంచెం కొంచెం మారే బొమ్మలు వరసగా గీస్తారు. సెకనుకు 24 బొమ్మలు కళ్ల ముందు తిరిగితే బొమ్మ నడిచినట్టు కనిపిస్తుంది. తోలుబొమ్మను చేత్తో ఆడిస్తారు. ఈ బొమ్మను ఇప్పుడు కంప్యూటరుతో ఆడిస్తున్నారు.

"మా పిల్ల నోటుబుక్కు నిండా బొమ్మలే. బొమ్మలు కూడు పెడతాయా?" అని కొందరు తల్లులు అడుగుతారు. పెట్టవచ్చు. సినిమాలకు, ప్రకటనలకు, ఫోనులో ఆడే ఆటలకు ఈ పని వచ్చినవాళ్లు కావాలి. కానీ దానికి చదువు కావాలి. చదువుకు డబ్బు కావాలి.

డబ్బు కట్టే ముందు

ఊళ్లోకి ఒక రంగుల కాగితం వస్తుంది. "ఆరు నెలల కోర్సు. ఉద్యోగం ఖాయం" అని ఉంటుంది. తల్లి పుస్తెలు తాకట్టు పెడుతుంది. తర్వాత స్కాలర్‌షిప్ అడిగితే "ఈ కోర్సుకు రాదు" అంటారు. అప్పు మాత్రం మిగులుతుంది.

గుర్తింపు ఉన్న కాలేజీలో, గుర్తింపు ఉన్న కోర్సుకే సర్కారు ఫీజు సాయం వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు. అందుకే ముందే అడగాలి:

ఈ కోర్సుకు గుర్తింపు ఉందా?
ఫీజు సాయం వస్తుందా? అంతా వస్తుందా, కొంతే వస్తుందా?
మధ్యలో మానితే కట్టిన డబ్బు తిరిగి ఇస్తారా?

జవాబు కాగితం మీద రాసి ఇమ్మనాలి. చదివాకే సంతకం చేయాలి.

హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఇంటర్ అయ్యాక అక్కడ యానిమేషన్ డిగ్రీ చదవవచ్చు. సీటుకు ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బొమ్మలు గీయిస్తారు. అహ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో కూడా ఈ చదువు ఉంది. దాని పరీక్ష రెండు దశల్లో జరుగుతుంది.

స్కాలర్‌షిప్ కాగితాలు

స్కాలర్‌షిప్‌కు తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి ఉన్నాయి. కేంద్రానిది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. మూడూ కంప్యూటరులో నింపేవే. ఆఖరు తేదీ కాలేజీలో అడిగి గోడ మీద రాసి పెట్టుకోవాలి.

కుల సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు పాసుబుక్కు ఒకే సంచిలో ఉంచాలి. అన్నిటిలో పిల్ల పేరు ఒకేలా ఉందా? అక్షరం అక్షరం చూడాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా డబ్బు ఆగవచ్చు. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసి ఉండాలి. ఒకసారి వచ్చిందని ఊరుకోకూడదు. ప్రతి ఏడూ మళ్లీ దరఖాస్తు చేయాలి. పిల్ల క్లాసులు ఎగ్గొట్టినా సాయం ఆగుతుంది.

బొమ్మల ఫైలు

పిల్ల తన మంచి బొమ్మలు ఏరి ఒక ఫైలులో పెట్టుకోవాలి. దీన్నే పోర్ట్‌ఫోలియో అంటారు. కొన్ని కాలేజీలు, కంపెనీలు దీన్ని చూసే పిలుస్తాయి. అడగని చోట కూడా ఆ సాధన పరీక్షలో పనికొస్తుంది.

ఏం గీయాలి? ఎదురుగా ఉన్నదే గీయాలి. రోట్లో దంచే అవ్వ, బిందె ఎత్తుకున్న అక్క, పాలు తాగే దూడ. నడిచేటప్పుడు కాలు ఎలా మడుస్తారో, బరువు ఎత్తితే నడుము ఎలా వంగుతుందో చూసి గీయాలి. టీవీ బొమ్మను దించితే అది ఎవరి బొమ్మో చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

ఒక చిన్న కథను కూడా వరసగా గీయాలి. చేర్యాల పటం మీద కథ వరస వరసగా నడుస్తుంది కదా, అలాగే. దీన్ని స్టోరీబోర్డు అంటారు.

ఖరీదైన రంగులు అక్కరలేదు. పెన్సిలు, తెల్ల కాగితం చాలు. ప్రతి బొమ్మ మీద తేదీ వేయాలి. నిరుటి బొమ్మకు, ఈ ఏటి బొమ్మకు తేడా కనిపిస్తే పిల్ల నేర్చుకుంటున్నట్టే. తడి తగలకుండా, చెదలు పట్టకుండా ఫైలు దాచాలి.

గీయడం పిల్ల పని. కాగితాలు చదవడం తల్లి కూడా చేయగలదు. చదువు వచ్చిన చేతితో ఇక వేలిముద్ర వేయవద్దు.

మాట్లాడుకోండి

మీ ఊళ్లో బొమ్మలు బాగా వేసే పిల్లలు ఎవరు?
మీ పిల్ల కాగితాలన్నిటిలో పేరు ఒకేలా ఉందా? ఈ రోజే చూడండి.