హైటెక్ సిటీ కుర్రాళ్లకు తెరచాప ఎందుకు?

హైటెక్ సిటీ నుంచి సముద్రపు ఒడ్డు చేరాలంటే దాదాపు 300 కిలోమీటర్లు పోవాలి. అయినా సముద్రం పని ఇక్కడ ఏ రోజూ ఆగదు. నౌకాదళానికి వరుణాస్త్ర టార్పెడోలు తయారుచేసి ఇచ్చే భారత్ డైనమిక్స్ ప్రధాన కార్యాలయం నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనే ఉంది. ఐటీ కారిడార్‌కు ఉత్తరాన, ప్రగతినగర్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. అలలు ఎంతెత్తు లేస్తాయో, చేపలు ఏ వైపు దొరకొచ్చో మత్స్యకారులకు కబురు వెళ్లేది అక్కడి నుంచే. హిందూ మహాసముద్రంలో భూమి కంపిస్తే సునామీ ముప్పు ఉందో లేదో 2007 నుంచి తేల్చి చెబుతున్నదీ ఆ కేంద్రమే.

సముద్రాన్ని కంప్యూటర్లలో ఇంత బాగా చదివే ఊరికి ఒక సందేహం రావడం సహజం. ఉపగ్రహాలు దారి చూపుతుంటే, గ్యాస్ టర్బైన్లు ఓడను ఉరికిస్తుంటే, కాబోయే నౌకాదళ అధికారి చేత ఇంకా తెరచాపలు లాగించడం దేనికి?

గాలితో బేరం కుదరదు

కేరళలోని ఎళిమల నౌకా అకాడమీలో క్యాడెట్లు చిన్న పడవల్లో సెయిలింగ్ నేర్చుకుంటారు. ఆ తర్వాతి శిక్షణకు కొచ్చిలో రెండు పెద్ద తెరచాప నౌకలున్నాయి. 1997లో ఐఎన్ఎస్ తరంగిణి, 2012లో ఐఎన్ఎస్ సుదర్శిని దళంలో చేరాయి. రెండూ గోవా షిప్‌యార్డ్‌లో పుట్టినవే. మూడు స్తంభాలు, ఇరవై తెరచాపలున్న తరంగిణి 2003-04లో ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. అంతకుముందు ఏ భారత నౌకాదళ ఓడా ఆ పని చేయలేదు.

ఇంజిన్ ఉన్న ఓడలో తప్పు లెక్కను కొంత శక్తితో సరిదిద్దుకోవచ్చు. తెరచాప ఆ వీలు ఇవ్వదు. గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవా తిన్నగా పోలేదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. ఎప్పుడు మలుపు తిప్పాలో ముందే ఊహించాలి. వేగం చాలకుండా తిప్పితే పడవ నీళ్లలో నిలబడిపోతుంది, ఆలస్యం చేస్తే దూరం పెరుగుతుంది. చేసిన నిర్ణయానికి ఫలితం క్షణాల్లో తెలిసిపోతుంది.

పెద్ద నౌకలో మరో పాఠం ఉంది. వానలో, చీకట్లో స్తంభమెక్కి తెరచాప చుట్టే క్యాడెట్ ప్రాణం కింద తాళ్లు పట్టుకున్నవాళ్ల చేతుల్లో ఉంటుంది. రేపు ఓడ బ్రిడ్జి మీద నిలబడి ఆదేశమిచ్చేటప్పుడు, దాన్ని అమలు చేసే మనిషికి ఎంత కష్టమో ఆ అధికారికి గుర్తుంటుంది.

తారిణిలో మన అమ్మాయిలు

ఇందుకు తెలుగువాళ్లకు దగ్గరి సాక్ష్యం ఐఎన్ఎస్‌వీ తారిణి. ప్రపంచాన్ని చుట్టి రావడానికి 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన ఆ పడవలో ఆరుగురు మహిళా అధికారులున్నారు. నాయకురాలు వర్తికా జోషి. బృందంలో హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖ అమ్మాయి పి.స్వాతి. వీళ్లకు శిక్షణ ఇచ్చింది, ఒంటరిగా భూమి చుట్టొచ్చిన తొలి భారతీయుడు దిలీప్ దోండే. పడవ పొడవు 55 అడుగులు. 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటారు. కేప్‌టౌన్ నుంచి తిరిగొస్తుంటే చుక్కాని వ్యవస్థ దెబ్బతింది. అనుకోని మజిలీగా మారిషస్ చేరి, బాగు చేయించుకుని బయల్దేరారు. మే 21న గోవా చేరేసరికి సుమారు 21,600 నాటికల్ మైళ్లు తిరిగారు.

నడిసముద్రంలో మెకానిక్ దొరకడు. వంట, కాపలా, మరమ్మతు అన్నీ ఆ ఆరుగురే చూసుకోవాలి. హోదా ఏదైనా గిన్నెలు కడగాల్సిందే.

ప్రమాదమూ తక్కువ కాదు. 2018లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పడవ స్తంభం విరిగి, వెన్నుకు తీవ్ర గాయమైంది. 2025 మేలో మెక్సికో శిక్షణ నౌక కువావుతెమోక్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వంతెనను ఢీకొని ఇద్దరు చనిపోయారు. ఈ శిక్షణకు ఖర్చూ ఎక్కువే. అయినా దేశాలు దీన్ని వదులుకోవడం లేదు. నక్షత్రాలను చూసి దారి కట్టే విద్యను ఒకప్పుడు పక్కనపెట్టిన అమెరికా నౌకా అకాడమీ 2015లో మళ్లీ మొదలుపెట్టింది. సైబర్ దాడుల భయం కూడా అందుకు ఒక కారణం. ఉపగ్రహ సంకేతాన్ని అడ్డుకోవచ్చనీ, దొంగ సంకేతంతో ఏమార్చవచ్చనీ సైబరాబాద్ ఇంజినీర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు ఓడను కాపాడేది, స్క్రీన్ చెప్పేదానికీ బయట కనిపించేదానికీ పొంతన కుదరడం లేదని పసిగట్టే మనిషే. ఆ అనుమానం అలవాటుగా మారేది చుక్కాని చేతబట్టి, చెంపకు తగిలే గాలిని గమనించిన గంటల్లోనే.

అరగంట దూరంలో

ఈ చదువుకు మొదటి మెట్టు సముద్రమే కానక్కర్లేదు. హైటెక్ సిటీ నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే హుస్సేన్‌సాగర్ ఉంది. సికింద్రాబాద్ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఏళ్లుగా అక్కడ జాతీయ పోటీలు నడుపుతోంది. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీల పిల్లలకూ పడవ నడపడం నేర్పింది. ఇక్కడ ఎదిగిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఏషియాడ్‌లో 470 మిక్స్‌డ్ విభాగంలో దేశం తరఫున పోటీపడింది.

జులైలో నైరుతి గాలులు బలంగా వీస్తాయి. కట్టడాలను, చెట్లను తాకి ముక్కలై, చెప్పాపెట్టకుండా దిశ మారుస్తాయి. అందుకే పిల్లలు నీటి మీద నల్లబడే మచ్చ కోసం చూస్తుంటారు. అది గాలి విసురు దగ్గరికొస్తున్న గుర్తు. చూడకపోతే పడవ బోల్తా పడుతుంది. అప్పుడు అడుగుపలక మీద నిలబడి, సొంత బరువుతో పడవను లేపుకోవాలి.

తెలుగు ఇంజినీరింగ్ పట్టభద్రులు ఏటా నౌకాదళ ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తూనే ఉంటారు. కారిడార్ చుట్టుపక్కల కాలేజీలు హ్యాకథాన్లకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ నీళ్ల మీద పెట్టొచ్చు. వానాకాలంలో కొన్ని శనివారాలు చాలు. అందులో కొందరైనా సముద్రానికి వెళ్తారు. వెళ్లనివాళ్లు ఓడలకు సాఫ్ట్‌వేర్ రాస్తే, దాన్ని వాడే మనిషి ఎలాంటి గాలిలో నిలబడి ఉంటాడో కాస్త తెలిసి రాస్తారు.