చిరునామా: బస్టాపు, నిడమనూరు

ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉత్తరాలు పంచి రిటైరయినవాణ్ని. మాకు మనిషి మొహం కంటే ముందు ఇంటి నంబరు గుర్తుకొస్తుంది. ఆసరా పింఛన్లు పోస్టాఫీసుల్లో ఇవ్వడం మొదలుపెట్టాక ఇంకో కష్టం చూశాను. నాట్లు వేసీ కలుపు తీసీ అరిగిపోయిన ముసలివాళ్ల వేళ్లను మిషను గుర్తుపట్టేది కాదు. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టించేవాళ్లం. ఎలాగో పని అయ్యేది. అసలా వరుసలోకే రాలేనివాళ్ల సంగతి వేరు.

అలాంటి ఒక పెద్దాయన మా బస్టాపులో పడుకుంటాడు. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో బస్తాలు మోసిన హమాలీ. నడుం పోయింది, తర్వాత భార్య పోయింది, ఆ తర్వాత అద్దె గది. వడ్లు కోతకొచ్చి ఐకేపీ కొనుగోలు సెంటరు తెరిస్తే ఆయనకు కాస్త తెరిపి. రాశుల దగ్గర కావలి పడుకుంటే రైతులు అన్నం పెడతారు, టార్పాలిన్ పట్టా కింద చోటిస్తారు. కాంటాలయి లారీలు కదిలితే మళ్లీ బస్టాపే.

"పింఛనుకు రాయించుకోరాదు తాతా" అన్నానొకసారి.

"ఏ ఊరని రాయాలె పోస్టు సారూ?" అన్నాడు.

ఊరు ఆయన్ని గాలికొదిలేసిందని నేననను. పొద్దున ఎవరో ఇడ్లీ పొట్లం ఇస్తారు, చలికాలం దుప్పటి కప్పుతారు. అన్నం పెట్టడంలో మనవాళ్లకు వంక పెట్టనక్కర్లేదు. చోటివ్వమంటేనే చేయి వెనక్కి పోతుంది. 2025 ఉగాదినాడు మన పక్కనే హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు, మనిషికి నెలకు 6 కిలోలు. మంచి పనే. కార్డు చేతికొచ్చినా ఈయన ఆ బియ్యం ఎక్కడ వండుకోవాలి?

ఇల్లు లేకపోవడం పట్నాల జబ్బని చాలామంది అనుకుంటారు. 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లులేనివాళ్లను ప్రత్యేకంగా లెక్కపెట్టారు. దేశంలో 17.7 లక్షల మంది తేలితే, అందులో 8.3 లక్షలకు పైగా పల్లెల్లోనే ఉన్నారు. అయినా లక్ష జనాభాకో ఆశ్రయం ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది పట్టణాలకే. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ షెల్టర్లూ పట్టణాలవే. మిర్యాలగూడ మున్సిపాలిటీ కాబట్టి అడగొచ్చు. నిడమనూరు మండల కేంద్రమే అయినా ఊరు ఊరే.

పట్నంలోనైనా అంతా సజావుగా జరిగిందని కాదు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరగబోతోందని బిచ్చగాళ్లను రోడ్లమీద నుంచి తీసుకెళ్లి చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆనందాశ్రమాల్లో పెట్టారు. చుట్టాలొస్తున్నారని ఇల్లు సర్దినట్టు మనుషుల్ని సర్దారు. మతి స్థిమితం లేక తిరిగేవాళ్ల విషయంలో మాత్రం చట్టం స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తమను తాము చూసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లను పోలీసులు 24 గంటల్లోగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు. ఊళ్లో ఎంతమందికి తెలుసో మరి.

ఇక చిరునామా సంగతికొస్తే, ఓటు విషయంలో ఎన్నికల సంఘం పెట్టుకున్న పద్ధతి నాకు బాగా నచ్చింది. ఇల్లులేని మనిషి ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే చాలు. బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట వెళ్లి ఆ మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నాడా అని చూస్తాడు, ఒక్క రాత్రితో సరిపెట్టడు. నివాసానికి వేరే కాగితం అడగరు. అంటే నిడమనూరు బస్టాపు ఓటుకు చిరునామా అవుతుంది. ఆధార్‌కు కూడా సర్పంచి ధ్రువపత్రం పనికొస్తుంది. దారి ఉంది, నడిపించేవాళ్లే లేరు. చదువురాని మనిషిని కాగితం తెమ్మని పంపడం కాదు, కాగితమే ఆయన దగ్గరికి నడవాలి. మేం ఉత్తరాలు అలాగే ఇచ్చాం కదా!

ఫిన్లాండు 2008 నుంచి ఇంకో అడుగు ముందుకేసింది. తాగుడు మానితేనో, పనిలో కుదిరితేనో ఇల్లిస్తామనే షరతు తీసేసింది. ముందు మనిషి పేరుమీద అద్దె ఒప్పందం రాసి తాళంచెవి ఇస్తారు, వైద్యం, పని వగైరా తర్వాత చూస్తారు. పెద్ద హాలులో వరుసగా మంచాలేసిన పాత ఆశ్రయాల్ని విడి ఇళ్లుగా మార్చారు. వాళ్లంత డబ్బు మనకు లేదు, నిజమే. మండల కేంద్రంలో రెండు మూడు గదులు కట్టడానికి ఫిన్లాండు కానక్కర్లేదు కూడా.

"గదిస్తే అందరూ ఇక్కడికే వస్తరు" అని హోటల్ దగ్గర ఒకాయన వాదించాడు. మన దగ్గర ఏళ్లుగా పడుకుంటున్నవాళ్లెవరో ఊరందరికీ తెలుసు. వాళ్లకోసం కొత్త పథకం కూడా అడగడం లేదు. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవాళ్లకు ముందు 5 లక్షలు ఇస్తున్నారు. జాగా, ఇల్లు రెండూ లేనివాళ్ల జాబితా వేరే ఉంది, ఎల్‌2 అంటారు. వచ్చే గ్రామసభకు ముందు పంచాయతీ కార్యదర్శి ఓ రెండు రాత్రులు టార్చిలైటు పట్టుకుని బస్టాపు, గుడి అరుగు, మార్కెట్ షెడ్డు చూసిరావాలి. అక్కడ కనిపించిన పేర్లు ఆ జాబితాలో మొదట రాయాలి. వంతు వచ్చేదాకా వాడకుండా పడున్న ప్రభుత్వ గది ఒకటి, లోపల గడియా బయట తాళమూ పడేది, వాళ్లకు తెరిచివ్వాలి.