ఎల్ టోపో: 30 ఏళ్లు తొక్కిపెట్టిన సినిమా.. కలెక్టర్లు దీని కోసం ఎందుకంత వెతికారు?

కథ సరిగ్గా అర్థం కాదు. థియేటర్‌లో ఉండదు, షాపులో దొరకదు. అయినా కొన్ని వింత సినిమాల టేపులు, డిస్క్‌ల కోసం ఏళ్ల తరబడి వెతికేవాళ్లు ఉంటారు. ఎందుకలా? ‘ఎల్ టోపో’ సంగతి చూస్తే విషయం తెలుస్తుంది.

అసలేంటీ సినిమా?

1970లో మెక్సికోలో తీసిన స్పానిష్ సినిమా ఇది. చిలీలో పుట్టిన అలెహాండ్రో హొదొరోవ్‌స్కీ దీనికి దర్శకుడు, హీరో కూడా ఆయనే. నల్ల బట్టలేసుకున్న ఓ తుపాకీ వీరుడు ఎడారిలో నలుగురు గురువులను ఓడించడానికి బయలుదేరతాడు. కౌబాయ్ సినిమాలా మొదలై, కాసేపటికి పీడకలలా మారిపోతుంది. దేనికీ వివరణ ఉండదు.

అర్ధరాత్రి హిట్

న్యూయార్క్‌లోని ఎల్గిన్ థియేటర్ 1970 డిసెంబర్‌లో దీన్ని అర్ధరాత్రి షోగా వేసింది. నోటి మాటతోనే నెలల తరబడి ఆడింది. బీటిల్స్ ఫేమ్ జాన్ లెనన్ ఫిదా అయ్యాడు. ఆయన మాట మీద మేనేజర్ అలెన్ క్లైన్ హక్కులు కొన్నాడు.

ఎందుకు మాయమైంది?

ఓ శృంగార నవలను సినిమాగా తీయమని క్లైన్ అడిగితే, హొదొరోవ్‌స్కీ కుదరదన్నాడు. గొడవ ముదిరింది. ‘ఎల్ టోపో’తో పాటు 1973 నాటి ‘ది హోలీ మౌంటెన్’ను కూడా క్లైన్ బయటకు రానివ్వలేదు. ఇక మిగిలింది పైరసీ వీహెచ్ఎస్ టేపులే. కాపీకి కాపీ తీసి, రంగులు వెలిసిపోయిన ఆ టేపులే చేతులు మారాయి. చివరికి 2004లో ఇద్దరికీ రాజీ కుదిరింది. 2007లో డీవీడీ వచ్చింది.

కలెక్టర్లకు ఏం దొరుకుతుంది?

మొదటిది, అందరికీ దొరకనిది తమ దగ్గర ఉందన్న తృప్తి. రెండోది, ఒక్కసారి చూస్తే తేలిపోని సినిమా కాబట్టి మళ్లీ మళ్లీ చూడొచ్చు, వాదించుకోవచ్చు. మూడోది ముఖ్యం. హక్కులున్నవాళ్లు ఆపేస్తే సినిమా ఉన్నా లేనట్టే. అలాంటప్పుడు దాన్ని జనం నోట్లో నిలబెట్టింది ఈ టేపులే.

మరి మచ్చ లేదా?

ఉంది. సినిమాలోని అత్యాచార సీన్ నిజంగానే చేశానని హొదొరోవ్‌స్కీ 1970ల్లో చెప్పుకున్నాడు. పబ్లిసిటీ కోసమే అలా అన్నానని తర్వాత మాట మార్చాడు. ఆ మాటల కారణంగానే 2019లో న్యూయార్క్‌లోని ఎల్ మ్యూజియో డెల్ బారియో ఆయన ఎగ్జిబిషన్‌ను రద్దు చేసింది. దొరకనన్నాళ్లూ ఈ సినిమా గురించి గొప్పలే వినిపించాయి. ఇప్పుడు ఎవరైనా చూసి, ఆ ప్రశ్న కూడా అడగొచ్చు.