సశేషం రుచి

తెలుగు నవల పుట్టిందే వాయిదాల మీద. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878 నుంచి ఆయన సొంత పత్రిక ‘వివేకవర్ధని’లో భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. ఆ తర్వాత వందేళ్ళపాటు తెలుగువాళ్ళు ఇష్టపడి చదివిన నవలల్లో చాలా భాగం ముందు ఏదో ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చినవే. కథ మంచి పట్టులో ఉండగా ‘సశేషం’ అని పడేది. చదివేవాళ్ళు వారం రోజులు కాచుకు కూర్చునేవారు. ఆ కాచుకోవడంలో ఉన్న రుచి చిన్నపిల్లలకు పుస్తకం అలవాటు చెయ్యడానికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది.

నవల పెద్దవాళ్ళ సరదా, బొమ్మల కథ పిల్లల సరదా అని విడదీసి చూడడం ఈమధ్య మొదలైంది. అద్దె పుస్తకాల కొట్లు నడిచిన రోజుల్లో ఈ గీత అంత స్పష్టంగా ఉండేది కాదు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ఆ తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ నవలలు రోజుకింతని అద్దెకు దొరికేవి. అమ్మ చదివేసిన పుస్తకం ఇచ్చి మరొకటి పట్టుకొచ్చే పని సాధారణంగా పిల్లలదే. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా నాలుగు పేజీలు, మధ్యాహ్నం అంట్లయ్యాక నలభై పేజీలు. వారపత్రిక రాగానే ముందెవరు చదవాలని పేచీ. సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసగా పేర్చి, బైండు చేయించి, అట్ట మీద సిరాతో పేరు రాసి దాచుకున్న ఇళ్ళు లెక్కలేనన్ని.

ఆ ఇళ్ళలో పిల్లల్ని చదవమని పనిగట్టుకుని చెప్పినవాళ్ళు తక్కువ. పరీక్షలు పెట్టుకుని నవలలేమిటని తిట్టినవాళ్ళే ఎక్కువ. అయినా పిల్లలు చదివారు. నాలుగుసార్లు పిలిచినా పలక్కుండా అమ్మ ఆ పేజీల్లో ఏం చూస్తోందో తెలుసుకోవాలన్న కుతూహలం వాళ్ళచేత చదివించింది. ఇప్పుడు అదే అమ్మ నవలని ఫోన్‌లో చదువుతోంది. పిల్లవాడికి మాత్రం అమ్మ ఫోన్ చూస్తున్నట్టే కనిపిస్తుంది. లోపల నడిచేది నవలో రీల్సో వాడికి తెలిసే వీలు లేదు. ఇంట్లో చిన్నపిల్లలున్నంత కాలం రోజులో కాసేపైనా కాగితం పుస్తకం చేతపట్టుకోవాలనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

పిల్లల వైపు ఇదే సీరియల్ పద్ధతిని ‘చందమామ’ నడిపింది. 1947 జులైలో మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఈ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ వంటి సీరియళ్ళు నిజానికి పిల్లల నవలలే. నెలకు కొన్ని పేజీలు, వాటికి చిత్రకారుడు ‘చిత్ర’ వేసిన రంగుల బొమ్మలు, చివర ‘ఇంకా ఉంది’. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు బొమ్మ చూసి ముందు కథ ఊహించేవారు. చదవగలిగిన అక్కయ్యో తాతయ్యో పైకి చదివితే తమ ఊహతో పోల్చుకునేవారు. ఒకే పత్రిక ఇంటిల్లిపాదికీ సరిపోయేది.

పైకి చదివి వినిపించడంలో అసలు కిటుకు చెవిది. చిన్నపిల్లలు కంటితో చదివి అర్థం చేసుకోగలిగిన దానికంటే చెవితో విని అర్థం చేసుకోగలిగింది ఎన్నో రెట్లు ఎక్కువ. గుణింతాలు, వత్తులు దాటి వాక్యం గడగడా చదివే స్థితికి రావడానికి ఏళ్ళు పడుతుంది. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 27 శాతమేనని 2024 అసర్ సర్వే చెప్పింది. తమంతట తాము చదువుకునే దాకా ఆగితే ఈ పిల్లలకు అందే కథలన్నీ ‘సీత బడికి వెళ్ళింది’ దగ్గరే ఆగిపోతాయి. ఏడేళ్ళ బుర్ర దానితో ఊరుకోదు. అదీకాక, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ‘సరిగ్గా ఆ క్షణాన’, ‘నివ్వెరపోయాడు’, ‘అంతటితో ఆగక’ వంటి మాటలు అరుదు. ఇవి పుస్తకంలోంచే రావాలి. చెవిన పడిన మాట రేపు అచ్చులో ఎదురైతే పిల్లలు పాత స్నేహితుణ్ణి చూసినట్టు గుర్తుపడతారు.

ఏ నవలతో మొదలుపెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఆరేడేళ్ళ పిల్లలకు తెత్సుకో కురొయనాగి రాసిన ‘తొత్తో-చాన్’ అంత చక్కగా అమరే పుస్తకం దొరకడం కష్టం. 1981లో జపాన్‌లో వచ్చిన ఈ పుస్తకం తెలుగులో ‘రైలుబడి’గా చాలా ఇళ్ళకు చేరింది. అది రచయిత్రి సొంత బాల్యమే కానీ నడక నవలది. అధ్యాయాలు చిన్నవి, ఒక్కోటీ పది నిమిషాల్లో అయిపోతుంది. మొదటి అధ్యాయంలో తొత్తో-చాన్ రైల్వే స్టేషన్‌లో టికెట్ తిరిగి ఇవ్వనని మారాం చేస్తుంది. తర్వాత, బల్ల మూత మాటిమాటికీ తెరిచి మూస్తూ, కిటికీలోంచి వీధి సంగీతం వాళ్ళను పిలుస్తూ టీచరును విసిగించి, మొదటి బడిలోంచి వెళ్ళగొట్టించుకున్న సంగతి బయటపడుతుంది. కొత్త బడిలో తరగతి గదులు పాత రైలు పెట్టెలు. అక్కడ ఆమె పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతుంది. పిల్ల గరిట పట్టుకుని గుంటలో ఉన్నదంతా తోడి గుట్టగా పోస్తుంది. వినే పిల్లలు ముక్కు మూసుకుని పకపకా నవ్వేది ఇక్కడే. అటుగా వచ్చిన హెడ్మాస్టరు కొబయాషి తిట్టడు, పని అయ్యాక అంతా తిరిగి లోపల వేస్తావుగా అని మాత్రం అడిగి వెళ్ళిపోతాడు. ఇక్కడ చదవడం ఆపి, “మీ మాస్టారైతే ఏమనేవారు?” అని అడిగితే చాలు, బడి కబుర్లన్నీ వాటంతట అవే బయటికొస్తాయి.

అలా అడగడానికి పరిశోధన మద్దతు కూడా ఉంది. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో ప్రచురించిన అధ్యయనంలో రెండు మూడేళ్ళ పిల్లలకు తల్లిదండ్రులు నెల రోజులపాటు మధ్యమధ్య ప్రశ్నలు వేస్తూ, పిల్లల జవాబును పొడిగిస్తూ బొమ్మల పుస్తకాలు చదివారు. మామూలుగా చదివి వినిపించుకున్న పిల్లల కంటే వీళ్ళ మాట తొందరగా పెరిగింది. అయితే ప్రశ్న వేరు, పరీక్ష వేరు. “తర్వాత ఏం చేస్తాడంటావు?” అనేది ప్రశ్న. “నివ్వెరపోవడం అంటే అర్థం చెప్పు”, “ఈ కథలో నీతి ఏమిటి?” అనేవి పరీక్ష. రెండోదానితో పుస్తకం హోంవర్క్ కిందకు దిగిపోతుంది, పిల్లలు నెమ్మదిగా జారుకుంటారు.

ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ది వేరే లాభం. 1956లో ‘ఆంధ్ర సచిత్ర వారపత్రిక’లో మొదలైన ఈ కథ అంతా పిల్లవాడి నోటితోనే నడుస్తుంది. పిల్లలు బుడుగు అల్లరికీ వాడి నేస్తం సీగానపెసూనాంబకూ నవ్వుతారు, చదివే పెద్దవాళ్ళు వాడి అమ్మానాన్నలైన రాధాగోపాళాల సంసారాన్ని చూసి నవ్వుకుంటారు. మొహమాటానికి చదివే గొంతును పిల్లలు ఇట్టే పసిగడతారు కాబట్టి చదివేవాళ్ళకు కూడా నచ్చే పుస్తకమే ఎంచుకోవాలి. పది పన్నెండేళ్ళు వచ్చాక మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టరు పార్వతీశం’ అందుకోవచ్చు. మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయల్దేరిన ఆ కుర్రాడు తెలియక ఆడవాళ్ళ టోపీ పెట్టుకు తిరిగే ఘట్టం పైకి చదివితేనే రక్తి కడుతుంది. పాత పుస్తకాల్లో కులాల గురించో ఆడవాళ్ళ గురించో ఈ కాలానికి మింగుడుపడని మాట తగిలితే దాటెయ్యకుండా ఆగి మాట్లాడుకోవడం మంచిది. వర్ణనలు మాత్రం నిస్సంకోచంగా దాటెయ్యవచ్చు. ‘వేయిపడగలు’, ‘మాలపల్లి’ పిల్లలు పెద్దయ్యాక వాళ్ళంతట వాళ్ళు చదువుకోవలసినవి.

ఇంకా చిన్నవాళ్ళ సంగతి తేలిక. ఏడాది పిల్లకు పుస్తకం నమలడానికి, మూడేళ్ళ పిల్లవాడికి అదే కథ ఇరవైసార్లు చెప్పించుకోవడానికి. విసుగెత్తినా చెప్పాల్సిందే. ఒక్క మాట మారినా వాడు దిద్దుతాడు, అంటే పుస్తకం వాడికి కంఠతా వచ్చేసిందన్నమాట.

ఎప్పుడు చదవాలన్నది ఇంటి వీలును బట్టి ఉంటుంది. పడుకునే ముందు పావుగంట చాలామందికి కుదురుతుంది. ఆపే చోటు మాత్రం ముందే చూసుకోవాలి. అధ్యాయం చివర ఆపితే పిల్లలు నిద్రపోతారు. తలుపు చప్పుడైన చోట, తీసేముందు ఆపితే మర్నాడు పుస్తకం వాళ్ళే పట్టుకొస్తారు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరుగుతూ తెలుగు అర్థమై అక్షరాలు రాని పిల్లలకైతే తాతయ్యో అమ్మమ్మో వీడియో కాల్‌లో రోజుకు నాలుగు పేజీలు వినిపించవచ్చు. “తిన్నావా, పడుకున్నావా” తర్వాత మాటలు తడుముకునే కాల్స్‌కు ఇది మంచి మందు కూడా.

పుస్తకాలన్నీ కొనక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా గ్రంథాలయ సంస్థల కింద శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. పిల్లల పుస్తకాల బీరువాకు తాళం వేసి ఉంటే తీయమని అడగాలి. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్తే అడగడం ఇంకా తేలిక. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతోంది. ఇంటిపన్ను కట్టే ప్రతి పాఠకుడూ ఆ పుస్తకాలకు డబ్బు ఎప్పుడో కట్టేశాడు.