గాలానికి పడ్డ పెద్ద చేప తల్లేనేమో చూడండి!

చేపను పట్టడం, ఎత్తుకుని ఫోటో తీయించుకోవడం, మళ్ళీ నీళ్ళలో వదిలేయడం! అమెరికాలో ఉన్న కొడుకు పంపిన అలాంటి ఫోటో చూస్తే తెనాలిలో ఉన్న ఏ తల్లయినా ముందు అనే మాట ఒకటే. "అంత చేపని వదిలేశావా నాయనా! పులుసు పెట్టుకుంటే రెండు పూటలు వచ్చేదిగా!"

తల్లి మాటలోనూ న్యాయం ఉంది. చేపంటే మనకు కూర. అక్కడ చాలామందికి అది ఆట. కానీ ఆ ఆటలో వాళ్ళు పెట్టుకున్న ఒక కట్టుబాటు ఉంది. అది మన తెనాలి, బాపట్ల, రేపల్లె చేపల బజార్లకు కూడా పనికొచ్చేదే. అందుకే ఈ నాలుగు మాటలు.

లోతులో గింగిరాలు తిరిగే ఎర

మినెసోటా, విస్కాన్సిన్ సరస్సుల్లో మస్కీ అనే చేప ఉంటుంది. పొడుగ్గా, ముక్కు చదునుగా, నోటినిండా పళ్ళతో ఉంటుంది. బాగా పెరిగితే నాలుగడుగుల పొడుగు, పదిహేను కిలోల బరువు తూగుతుంది. తోటి చేపల్ని మింగి బతికే రకం. ఓ పట్టాన గాలానికి చిక్కదు. పదివేలసార్లు గాలం విసిరితే ఒక్కసారి పడుతుందని దానికి పేరు.

ఎండాకాలంలో పైనీళ్ళు వేడెక్కుతాయి. చిన్న చేపలు చల్లదనం కోసం లోతుకు దిగుతాయి, వాటి వెనకే మస్కీ కూడా దిగుతుంది. అప్పుడు గట్టున కూర్చుని గాలం వేస్తే లాభం లేదు. పడవ వెనక పొడుగాటి దారం వదిలి, దాని చివర ఎరను కట్టి, మనిషి వడివడిగా నడిచినంత వేగంతో పడవను నడుపుతూ లాగుతారు. దీన్ని ట్రోలింగ్ అంటారు.

ఆ ఎర కప్పా కాదు, వానపామూ కాదు. దాని పేరు స్పిన్నర్‌బైట్. వంచిన తీగకు ఒక కొసన సీసపు ముద్ద, దానికి కొక్కెం, కొక్కేన్ని కప్పుతూ రబ్బరు కుచ్చు ఉంటాయి. రెండో కొసన చెంచా గిన్నెలాంటి రేకులు. లాగుతుంటే రేకులు గిరగిరా తిరిగి మెరుస్తాయి, నీళ్ళను అదరగొడతాయి. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది చూశారా, ఆ గీతతోనే నీటి అదురును కనిపెడుతుంది. మసక నీళ్ళలో కంటికి ఆననిది కూడా దానికి అలా తెలిసిపోతుంది.

మరి అంత బరువెందుకు? తేలికపాటి ఎరనైతే తిరిగే రేకులే పైకి లేపేస్తాయి, గాలిపటం లేచినట్టు. పడవ వేగం పెంచేకొద్దీ ఇంకా లేస్తుంది. అందుకని లోతుకు దింపాలంటే వంద గ్రాములకు అటూ ఇటూ తూగే ఎరలు కడతారు. దారాన్ని పళ్ళతో తెంపకుండా కొసన ఉక్కు తీగ పెడతారు.

ఇంత తంటాలు పడి పట్టి, మళ్ళీ వదిలేస్తారు! కారణం ఏమిటంటే, మస్కీల్లో మగచేప ఒక మోస్తరుగానే పెరుగుతుంది. బాగా పెద్దదై ఫోటోకెక్కే చేప దాదాపుగా ఆడదే. పెద్ద ఆడచేప ఒక్కటి లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. దాన్ని కోసుకు తింటే ఆ సరస్సు గతేమిటి? అందుకే మినెసోటాలో 54 అంగుళాలకు తక్కువున్న మస్కీని ఇంటికి తీసుకుపోకూడదని రూలు. అంతకు మించినదాన్ని కూడా చాలామంది వదిలేస్తారు. ఎండలు ముదిరి నీళ్ళు మరీ వేడెక్కినప్పుడు కొందరు గాలమే వేయరు. ఎందుకంటే వేడి నీళ్ళలో పెనుగులాడి అలిసిన చేప వదిలినా బతకదు.

నిజాంపట్నంలో వినేది వేరే మాట

రేపల్లె పక్క నిజాంపట్నం హార్బరుకు వెళితే 'ట్రాలింగ్' అనే మాట వినపడుతుంది. ట్రోలింగ్, ట్రాలింగ్ ఒకటేననుకునేరు! ట్రోలింగ్ అంటే గాలాన్ని లాగడం. ట్రాలింగ్ అంటే సంచిలాంటి వలను సముద్రం అడుగున లాగడం. గాలానికి ఒక్క చేప పడుతుంది, అదీ నోరు తెరిచి కరిస్తేనే. ట్రాల్ వలలోకి రొయ్యతో పాటు దాని దారిలో ఉన్న పిల్లా పెద్దా అన్నీ వచ్చేస్తాయి.

అందుకే గుడ్లు పెట్టే రోజుల్లో సముద్రానికి సెలవిస్తున్నారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపేస్తారు. 2015 ముందు ఈ సెలవు ఇంతకంటే తక్కువ రోజులే. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇళ్ళు ఎలా గడుస్తాయన్నది వేరే పెద్ద కథ. కానీ ఆ సెలవు వెనకున్న ఆలోచన మటుకు మంచిదే. తల్లిని బతకనిస్తే పిల్లలుంటాయి.

తండ్రిగా మొదలై తల్లిగా మారేది

మస్కీకి మన వైపు చుట్టం ఎవరంటే నేను పండుగప్ప పేరే చెబుతాను. జాతి వేరు, గుణం ఒకటే. ఇదీ వేటాడే చేపే. ఆస్ట్రేలియాలో దీన్ని బారముండి అంటారు. అక్కడ పడవ వెనక బొమ్మ ఎరలు లాగి దీన్ని పడతారు. మన దగ్గర ఆ సరదా తక్కువ, వలలే ఎక్కువ.

పండుగప్ప జీవితం వింటే ముక్కున వేలేసుకుంటారు. చిన్నప్పుడు మగచేప. కొన్నేళ్ళు అలా బతికి, బాగా పెరిగాక ఆడచేపగా మారుతుంది! అంటే బజారులో అందరూ నోరెళ్ళబెట్టి చూసే భారీ పండుగప్ప, ఎన్నో ఏళ్ళు వలలన్నీ తప్పించుకుని తల్లి అయినదన్నమాట. అది ఏటి మొగల దగ్గర, ఉప్పునీళ్ళలో లక్షల గుడ్లు పెడుతుంది. పిల్లలు మడ అడవుల్లోకి, పాయల్లోకి, కాలవల్లోకి ఎదురెక్కి పెరుగుతాయి. నిజాంపట్నం వైపున్న మడ చెట్లు ఉత్త పొదలు కావు, ఆ పిల్లలకు పురిటిల్లు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో ఈ చేపకు రెండు కొలతలున్నాయి. 58 సెంటీమీటర్లకు తక్కువుంటే పిల్ల, వదిలేయాలి. 120 దాటితే తల్లి, అదీ వదిలేయాలి. మధ్యవే మనిషికి. ఎంత చక్కటి లెక్క!

మన దగ్గర ఇంకో దారీ ఉంది. చెన్నైలోని ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ సీబా 1997లోనే పండుగప్పను తొట్లలో గుడ్లు పెట్టించింది. ఇప్పుడు చెరువుల్లో పెంచిన పండుగప్ప బజారుకు వస్తోంది. ఏటి మొగలో తల్లిని పట్టక్కర్లేదు.

ఎర్ర పిల్లల గుంపు

ఇక కాలవల సంగతి. తెనాలి ఊరి మధ్య నుంచి మూడు కాలవలు పారుతాయి. వానలు పడి నీళ్ళొచ్చాక గట్టు మీద గాలపు కర్రలతో పిల్లలు కూర్చుంటారు. వాళ్ళ కోరికంతా కొరమేను మీదే. కప్పపిల్లను గుచ్చి, నీటిపైన ఎగిరెగిరి పడేలా ఆడిస్తారు.

మస్కీ ఎండకు లోతుకు పోతే కొరమేను పైకే వస్తుంది. దానికి మొప్పలు ఒక్కటీ చాలవు, మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగాలి. దాని పిల్లలు కూడా అంతే. వానాకాలంలో నీటిపైన ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా బుడుంగు బుడుంగుమంటూ తేలడం మనలో చాలామంది చూసే ఉంటాం. ఆ గుంపు కిందనే పెద్ద చేప ఉంటుంది. తల్లే అనుకుంటాం గానీ, కొరమేనులో పిల్లల కాపలా ఎక్కువగా తండ్రిదే! గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు తమంతట తాము బతికేదాకా దగ్గరకొచ్చిన దేన్నయినా కరిచేస్తుంది.

గాలం వేసేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఎర్ర గుంపు కనపడితే సరిగ్గా దాని మీదకే ఎర విసురుతారు. అది ఆకలికి కరవదు, పిల్లల్ని కాపాడుకోవడానికి కరుస్తుంది. దాన్ని పైకి లాగేశాక కాపలా లేని ఆ గుంపును చిన్నాచితకా చేపలూ పక్షులూ తినేస్తాయి. ఒక్క పూట కూర కోసం ఒక సంసారం మొత్తం పోయినట్టే.

దీనికి తోడు చెరువులు పెంచేవాళ్ళు తమ చేపపిల్లల్ని తింటుందని కొరమేనును ఇప్పచెక్క చల్లి చంపుతారు. అటు చెరువులో శత్రువు, ఇటు కాలవలో బహుమతి. పక్క తెలంగాణలో ఇది రాష్ట్ర చేప కూడాను. ఆపరేషను అయినవాళ్ళకు పెట్టాలని, నీరసం తగ్గాలని మనం వెతుక్కునేదీ దీన్నే.

బుట్ట ముందు కూర్చున్నప్పుడు

"అమ్మా, ఇది చూడండి, జన నిండుగా ఉంది" అంటుంది చేపలమ్మే ఆవిడ. జన వేపుడంటే ఎవరికి చేదు? ఆవిడ తప్పేం లేదు. మనం మక్కువగా కొంటున్నాం కాబట్టి ఆవిడ మక్కువగా చూపిస్తోంది. ఇంట్లో ఏ చేప వండాలో తేల్చేది మనమే. అందుకని ఈ నాలుగూ గుర్తుపెట్టుకుందాం.

వానాకాలం మూడు నెలలూ కాలవలో పట్టిన కొరమేను వద్దందాం. "పెంచినదుందా?" అని అడుగుదాం.

అడుగు పొడుగు లేని పండుగప్ప పిల్లనూ, ఇద్దరు మోసుకొచ్చే సముద్రపు పండుగప్పనూ వదిలి, మధ్యరకమో చెరువుదో తీసుకుందాం.

జన కావాలంటే చెరువు బొచ్చెలోనో, రాగండిలోనో తీసుకుందాం. వాటి పిల్లల్ని హేచరీలు ఏటా తయారు చేస్తూనే ఉంటాయి.

గాలం పట్టుకుని కాలవకు వెళ్ళే మన పిల్లలకు ఒక్క మాట చెప్పి పంపుదాం. "ఎర్ర గుంపు కనపడితే ఎర అక్కడ వేయకురా."

సముద్రానికి గవర్నమెంటు 61 రోజులు సెలవిచ్చింది. మన ఇంటి ముందు కాలవకు సెలవివ్వాల్సింది మనమే. వీధిలో నాలుగిళ్ళవాళ్ళు వరసగా "జన చేప వద్దమ్మా" అంటే, ఐదో రోజుకల్లా ఆ బుట్టలోకి వేరే చేప వస్తుంది. బేరమాడటం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా! ఈసారి ఆ బేరమేదో తల్లి చేప తరఫున ఆడదాం.