చేపవిత్తనములో జాతిశుద్ధి

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలను ఒకే చెరువులో కలిపి పెంచుట మీకు తెలిసినదే. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడిమి నీటిలోను, ఎర్రమోసు అడుగునను మేత మేయును. కనుక మేతకు పోటీ తక్కువ. ఈ లాభము జాతులు దేనికది వేరుగా ఉన్నంతవరకే దక్కును.

నదిలో ఈ జాతులు కలగలిసిపోకుండుటకు కారణమేమి? వానకాలపు వరదలో నీరు పొర్లిన పల్లములందు ఇవి గ్రుడ్లు పెట్టును. మగచేప తన జాతి ఆడచేపనే వెంబడించి, ఒరసికొని తిరుగును. ఆడచేప గ్రుడ్లు విడువగానే మగచేప శుక్రము విడుచును. గ్రుడ్డు ఫలించునది కడుపులో కాదు, నీటిలోనే. కావున జాతికి ముఖ్యమైన కంచె జతను ఎన్నుకొనుటయే. ఆ కంచె తెగినచో వేరు గట్టి అడ్డు లేదు. మూడు జాతులకును క్రోమోజోములు 50 చొప్పుననే ఉన్నవి. వీని సంకరపు చేపలు గొడ్డుపోవు. వానికి మరల పిల్లలు కలుగును.

1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి కార్పు చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. ఆ పద్ధతి వలన విత్తనము కొరకు నదిపై ఆధారపడుట తగ్గినది. అయితే సూది వేసిన రెండు మూడు జాతులను ఒకే తొట్టిలో విడిచినచో అన్నియు ఇంచుమించు ఒకే వేళకు గ్రుడ్లు, శుక్రము విడుచును. ఏ జాతి శుక్రము ఏ గ్రుడ్డునకు తగులునో చెప్పలేము.

బొచ్చె, శీలావతుల సంకరము శీలావతి కంటె వేగముగను, బొచ్చె కంటె మెల్లగను పెరుగును. తినుటకు దోషము లేదు. కాని దానిని తల్లిచేపగా ఉంచినచో తరతరమునకు కలగలుపు పెరిగి అసలు జాతి చెడును.

కావున ఈ జాగ్రత్తలు తీసికొనుడు:

1. ఒక తొట్టిలో ఒక విడతకు ఒకే జాతికి సూది వేయవలెను. తరువాతి జాతిని విడుచుటకు ముందు తొట్టిని ఖాళీచేసి కడుగవలెను.

2. తల్లిచేపలను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. బొచ్చెకు పెద్ద తల, పైకి తిరిగిన నోరు ఉండును, మీసములుండవు. శీలావతి పెదవి అంచు కుచ్చులవలె ఉండును. ఎర్రమోసుకు పెదవులు పలుచన. రెండు జాతుల గుర్తులు కలిసిన చేపను సంతకు పంపుడు, తల్లిచేపగా ఉంచకుడు.

3. చిన్నపిల్లలలో సంకరమును కంటితో పోల్చుట కష్టము. కనుక విత్తనము కొనునపుడు జాతులను వేరువేరుగా గ్రుడ్లు పెట్టించినారా అని అడిగి తెలిసికొనుడు.

వరి విత్తనపు మడిలో కేళీలు ఏరివేయుట మీకు అలవాటే. చేపవిత్తనమునకును అంత శ్రద్ధయే కావలెను.