ఆకుమీది నూగు

ఘంటసాల పరిసరములలోని పొలముగట్లపై నడచునపుడు మనము రెండాకులను చేతితో తాకి చూతము. ఒకటి చెఱువులోని తామరాకు. రెండవది గట్టున తడినేలలో పెరుగు గుంటగలగరాకు. మొదటిదానిపై నీరు చల్లినచో బొట్టు ముత్యమువలె దొర్లిపోవును. రెండవది వ్రేలికి గరుకుగా తగులును. ఈ భేదమునకు కారణమేమి?

ఆకు నంతటిని పలుచని పైపొర యొకటి కప్పియుండును. అది మిగుల చిన్నవైన కణములతో నేర్పడినది. తామరాకుపై నీ కణములు బొడిపెలుగా లేచి, వానిపై సన్నని మైనపు నలుసులు పేరుకొనియుండును. నీటిబొట్టు ఆ బొడిపెల కొనలను మాత్రమే తాకును గాన ఆకున కంటుకొనక దొర్లుచు, దారిలోని దుమ్మును గూడ తీసికొనిపోవును. ఈ సంగతిని జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లోట్, నైన్‌హూయిస్ గార్లు 1997లో వివరించిరి. మన పెద్దలు సామెతగా చెప్పుకొనిన దానికి కారణము సూక్ష్మదర్శినిలో దొరకినది.

గుంటగలగరాకుపై నట్లు గాక, పైపొర కణములే పెరిగి బిరుసైన రోమములైనవి. ఇట్టి రోమములను తెలుగునాట శ్రద్ధతో పరిశోధించినవారు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్. రామయ్యగారు. చేమంతి కుటుంబపు మొక్కల రోమముల నిర్మాణమును గూర్చి వారు 1962లో ప్రకటించిరి. గుంటగలగర, బంతి, గడ్డిచేమంతి యీ కుటుంబములోనివే. 1972లో వారు పుష్పించు మొక్కల రోమములను తరగతులుగా విభజించి, వాని పరిణామక్రమమును చర్చించిరి.

రోమమే గదా యని చులకన చేయరాదు. మనము కట్టు నూలుబట్ట ప్రత్తిగింజ పైపొరనుండి పుట్టిన రోమములే. ఒక్కొక్క దూదిపోచ యొక్కొక్క కణము. తులసి పరిమళము దాని గ్రంథిరోమములలో నిలువయుండును. ఇక దురదగొండి కాయను ముట్టినవాడు రోమముల నెన్నడును మఱవడు!

వీనివలన మొక్కల చుట్టరికము నెట్లు తెలిసికొందురు? ఒక రోమములో కణములెన్ని, అవి యే వరుసలో నమరినవి, కొన యెట్లున్నది యను లక్షణములు ఆయా జాతులలో చాలవరకు స్థిరముగా నుండును. రోమములలోని పోలిక బంధుత్వమునకు సాక్ష్యము. అయినను ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు. ఎండకో పురుగుకో తట్టుకొనుటకై, సంబంధములేని మొక్కలకు గూడ ఒకే విధమైన నూగు రావచ్చును. కావున పువ్వు, కాయ, గింజ చెప్పు సాక్ష్యముతో దీనిని సరిచూడవలెను.

ఈ విద్య మన యిండ్లకు గూడ నక్కఱకు వచ్చునది. ఎండించి పొడిచేసిన మందాకునకు రూపము మిగులదు. గుంటగలగరపొడి యని యిచ్చినది నిజముగా నదియేనా యని వట్టి కంటితో నిర్ణయింపజాలము. కాని నలిగిన తునకలపై రోమములు నిలిచియుండును. సూక్ష్మదర్శిని క్రింద అవి మూలికను గుర్తించుటకు తోడ్పడును. రోగి త్రాగునది మందో, మఱియొక యాకో తెలియుట చిన్న సంగతి కాదు.

విద్యార్థులారా! రాబోవు సెలవులలో గట్టుమీది యైదు మొక్కల యాకులను భూతద్దముతో చూచి, చూచినది చూచినట్లే బొమ్మ వ్రాసికొనుడు. పేరు పిమ్మట నడుగవచ్చును.